జింక సీజన్ ముందు ‘మనోడే కదా’ అని 308 రైఫిల్ రౌండ్లు (తూటాలు) కొనేవాళ్లు జాగ్రత్త

220 డాలర్లు. 10 బాక్సులు. అందులో 8 బాక్సులు చెత్త. పేలని చెత్తయితే డబ్బులు పోయాయనుకుని ఊరుకునేవాణ్ణి. ఇది బ్యారెల్ చీల్చి మొహం మీదికి తెచ్చే రకం. కోపం ఇంకా దిగలేదు, అచ్చుతప్పులుంటే సర్దుకోండి.

అమ్మింది ఎవరో చెప్పక్కర్లేదు. డాలస్ చుట్టుపక్కల వేటకెళ్లే మనవాళ్లకు తెలిసిన అన్నే. ఏటా అక్టోబరు రాగానే దేశీ కిరాణా కొట్టు పార్కింగ్‌లో డిక్కీ తెరిచి ‘షాపులో 35 పెట్టి కొంటవా తమ్ముడూ, నా దగ్గర 22కే’ అంటాడే, ఆయనే. నవంబరు మొదటి శనివారం సీజన్ మొదలు కాబట్టి అక్టోబరంతా అందరికీ తొందర. ఆ తొందరే ఆయన పెట్టుబడి.

బాక్సుల మీద ఉన్నది 308 విన్‌చెస్టర్, 150 గ్రెయిన్ (గుండు బరువు కొలత), సాఫ్ట్ పాయింట్. తెల్లతోక జింకకు వంక పెట్టలేని తూటా అది. పై బాక్సు తెరిచి చూపించాడు. కొన దగ్గర మెత్తని సీసం కనపడుతోంది, రాగి తొడుగు నున్నగా ఉంది, కేసు (గుండును పట్టి ఉంచే ఇత్తడి గొట్టం) అడుగున కంపెనీ పేరు, 308 విన్ అని ముద్ర. అంతా సవ్యమే. బండి మీద మామిడిపళ్లవాడు మంచివి పైన పేర్చి, మెత్తబడినవి కింద పెడతాడని చిన్నప్పటి నుంచి చూస్తున్నాం కదా. మరి నాకేమైంది? రెండో బాక్సు ఎందుకు తెరవలేదు? మనోడు కదా, మొహమాటం.

కాల్పుల రేంజ్‌లో మొదటి బాక్సు 100 గజాల్లో అన్నీ అంగుళంన్నర లోపు ఒకేచోట కొట్టింది. స్కోప్ సరిచేసుకుని కింది నుంచి ఇంకో బాక్సు తెరిస్తే ఐదు రౌండ్లు ఆరంగుళాల మేర చెల్లాచెదురు. అదే రైఫిల్, అదే బల్ల, అదే ఇసుక సంచి. అలా ఉన్నట్టుండి గ్రూపు (చిల్లులు పడే చోటు) చెదిరిందంటే మొదట చూడాల్సింది తూటానే. ఆరో రౌండు చేతిలోకి తీసుకుని చూస్తే కొన చదునుగా ఉంది, దాని మీద అడ్డంగా ఆకురాయి గీతలు.

అవును, ఆకురాయి. మిలిటరీ మిగులు తూటాల కొన అరగదీసి, లోపలి సీసం బయటపడేలా చేసి, ఖాళీ సాఫ్ట్ పాయింట్ బాక్సుల్లో సర్దాడు. కేసు అడుగున ఎల్‌సీ (లేక్ సిటీ, మిలిటరీ తూటాల కర్మాగారం) అక్షరాలు, రెండంకెల సంవత్సరం, సున్నాలో ఇంటూ గుర్తులాంటి నాటో ముద్ర. ప్రైమర్ (అడుగున నిప్పు రాజేసే చిన్న మూత) చుట్టూ నొక్కిన వలయం. తూటా మెడ దగ్గర నల్లటి తారులాంటి పూత. ఇవన్నీ ‘నేను మిలిటరీ సరుకుని బాబూ’ అని అరుస్తున్న గుర్తులే. బాక్సు మీద ఒక కంపెనీ, కేసు అడుగున ఇంకొకటి. ఇది పట్టుకోవడానికి ఐదు సెకన్లు చాలు. ఆ ఐదు సెకన్లు పార్కింగ్‌లో పెట్టనందుకు ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలి.

ఇది మామూలు మోసం కాదు. ఎందుకో చెప్తాను.

మిలిటరీ ఫుల్ మెటల్ జాకెట్ గుండుకి రాగి తొడుగు ముందు వైపు మూసి, వెనక వైపు తెరిచి ఉంటుంది. అడుగు నుంచి చూస్తే సీసం కనపడుతుంది. వేటకు చేసే సాఫ్ట్ పాయింట్ దీనికి పూర్తిగా తలకిందులు. కొన తెరిచి ఉంటుంది, అడుగు మూసి ఉంటుంది. ఇప్పుడు మూసి ఉన్న ముందు వైపు కూడా అరగదీస్తే మిగిలేది రెండు వైపులా తెరుచుకున్న గొట్టం, దాని మధ్యలో సీసం కడ్డీ. 308లో పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌండ్ల దాకా వెళ్తుంది. ఆ తోపుడుకి సీసం ముందుకు జారిపోయి, రాగి తొడుగు బ్యారెల్లోనే ఇరుక్కుపోవచ్చు. టార్గెట్ మీద ఏదో చిల్లు పడుతుంది, బాగానే ఉందనుకుని బోల్ట్ లాగి ఇంకోటి పేలుస్తారు. అడ్డం ఉన్న బ్యారెల్లో రెండో గుండు పడితే ఏమవుతుందో చెప్పాలా? ప్రతి రౌండుకీ అలా జరగదు. ఒక్కదానికి జరిగితే చాలు. అలాంటివి ఐదు పేల్చి కూడా ఇక్కడ కూర్చుని రాస్తున్నానంటే అది కేవలం అదృష్టం.

ఇంటికొచ్చి సుత్తి పుల్లర్‌తో మూడు గుండ్లు ఊడదీశాను. మూడింటికీ అడుగున సీసం. మూడూ మూడు బరువులు: 141, 143, 138 గ్రెయిన్లు. మామూలుగా ఆ మిలిటరీ గుండు 147 ఉండాలి. ఎవడో తీరిగ్గా కూర్చుని, టీ తాగుతూ, ఒక్కొక్కటీ అరగదీశాడన్నమాట. బరువు సమంగా లేదు, కొన చుట్టూ ఒకేలా అరగలేదు, మరి గ్రూపు ఆరంగుళాలు కాక అంగుళం వస్తుందా?

ఫోన్ చేశాను. నింపాదిగానే అడిగాను, ‘అన్నా, ఇవి అరగదీసినవి, నీకు తెలిసే అమ్మావా?’ అని. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు మహానుభావుడు.

‘తమ్ముడూ, జింక ఏమన్న బాక్సు మీద చదువుకుని చస్తదా? తగిల్తే పడ్తది.’

బ్యారెల్ సంగతి చెప్పాను. ‘నీకు గురి కుదరక నా రౌండ్లను అంటున్నవ్’ అన్నాడు. డబ్బులు వెనక్కివ్వమంటే ‘తూటాలు వాపసు తీస్కుంటరా ఎక్కడన్న? నువ్వు వాటితో ఏం చేసినవో నాకేం ఎర్క?’ అన్నాడు. అంటే అరగదీసింది నేనేనట! నవ్వు కూడా వచ్చింది. ఆఖరికి, ‘నీలాంటోళ్లకు షాపే కరెక్ట్’ అని పెట్టేశాడు. ఆ ఒక్క మాట మాత్రం నిజమే అన్నా. 220 డాలర్లకు నీ దగ్గర కొన్న జ్ఞానం అదే.

నాకు మండింది డబ్బుకి కాదు. ‘తగిల్తే పడ్తది’ అన్న మాటకి. ఇరవయ్యేళ్లుగా వేటాడుతున్నానని చెప్పుకునే మనిషి అనాల్సిన మాటేనా అది?

తగిలితే పడదు. విచ్చుకోని గుండు ఊపిరితిత్తుల్లోంచి పెన్సిల్ మందం దారి చేసుకుని అవతలికి పోతుంది. జింక ఒక్కసారి ఎగిరి, ఏమీ జరగనట్టు పరిగెడుతుంది. నెత్తురు జాడ చుక్కా చుక్కాగా కనపడి కాసేపట్లో ఆగిపోతుంది. మెస్కీట్ పొదల్లో చీకటి పడేదాకా వెతికినా దొరకదు. అది ఎక్కడో నరకయాతన పడి చస్తుంది, మాంసం గద్దలకు. పైగా టెక్సాస్‌లో గాయపడిన జంతువును వెతికే తగిన ప్రయత్నం చేయకపోవడం నేరం కూడా. అరగదీసినంత మాత్రాన ఫుల్ మెటల్ జాకెట్ సాఫ్ట్ పాయింట్ అయిపోదు. సాఫ్ట్ పాయింట్ తొడుగు కొన దగ్గర పలచగా మొదలై అడుగుకి పోయేకొద్దీ మందమవుతుంది, అందుకే పుట్టగొడుగులా విచ్చుకుని ఒకచోట ఆగుతుంది. మిలిటరీ తొడుగుకి ఆ లెక్క లేదు. ఒకటి అసలు విచ్చుకోదు, ఇంకోటి ముక్కలు ముక్కలవుతుంది. ఏది ఏం చేస్తుందో ఆ అరగదీసినవాడికే తెలియదు.

ఇంకో విడ్డూరం. విచ్చుకునే గుండుకి ‘డమ్‌డమ్’ అని పేరొచ్చిందే మన కోల్‌కతా పక్కనున్న డమ్‌డమ్ ఆయుధ కర్మాగారం వల్ల. 1899 హేగ్ ప్రకటనలో యుద్ధాల్లో అలాంటివి వాడకూడదన్నారు. మిలిటరీ తూటా విచ్చుకోకుండా ఉండేది అందుకే. అంటే సైన్యానికి వద్దన్న గుణమే వేటకు కావాలి. నూట పాతికేళ్లు దాటినా ఈ తేడా మా అన్నకు ఎక్కలేదు.

టెక్సాస్‌లో ఫుల్ మెటల్ జాకెట్ మీద నిషేధం లేదు, తెల్లతోక జింక మీద రిమ్‌ఫైర్ (22 లాంటి చిన్న తూటాలు) వాడకూడదన్నదే నియమం. ‘చట్టం ఒప్పుకుంటది కదా’ అని ఆయన తర్వాత అంటాడేమో, అందుకే ముందే చెప్తున్నా. చట్టం ఒప్పుకోవడం వేరు, పని చేయడం వేరు. కొలరాడో వెళ్లేవాళ్లకు అదీ లేదు. అక్కడ విచ్చుకునే గుండే ఉండాలి, జింకకు కనీసం 70 గ్రెయిన్లు, 24 క్యాలిబర్ (గుండు వ్యాసం 0.24 అంగుళం), 100 గజాల దగ్గర 1,000 అడుగు-పౌండ్ల శక్తి. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకు సీసమే కుదరదు, రాగి గుండ్లు కొనుక్కోవాలి. ఈయన సరుకుతో ఆ రాష్ట్రాలకు వెళ్తే వార్డెన్ (వేట నియమాలు చూసే అధికారి) కూడా చదువుకునే వస్తాడు.

ఇక ఏం కొనాలి అంటారా. ఈ మధ్య ఇదో పెద్ద బ్రహ్మపదార్థం చేసి పెట్టారు. 308లో 150 గ్రెయిన్ మామూలు సాఫ్ట్ పాయింట్, రెమింగ్టన్ కోర్-లాక్ట్ గానీ ఫెడరల్ పవర్-షాక్ గానీ విన్‌చెస్టర్ పవర్-పాయింట్ గానీ, ఏదో ఒకటి. మీ రైఫిల్ ఏది బాగా కొడితే అది. బ్యారెల్ మూతి దగ్గర గుండు వేగం సెకనుకు సుమారు 2,820 అడుగులు, 300 గజాల దగ్గర ఇంకా 2,000 పైనే. మెత్తని సీసం విచ్చుకోవడానికి మామూలుగా 1,800 కావాలి, 400 గజాల దగ్గర దానికి అటూఇటూ అవుతుంది, కాబట్టి అంత దూరం వద్దు. 200 గజాలకు జీరో చేసుకుంటే (అక్కడ గురి పెట్టినచోటే తగిలేలా స్కోప్ సరిచేసుకుంటే) 100 దగ్గర రెండంగుళాలు పైన, 300 దగ్గర ఎనిమిది తొమ్మిది అంగుళాలు కింద కొడుతుంది. జింక గుండె, ఊపిరితిత్తుల చోటు ఎనిమిదంగుళాల పళ్లెం అంత. లెక్క మీరే వేసుకోండి.

‘మ్యాచ్’ అని రాసి ఉన్న హాలో పాయింట్ చూసి, కొనకు చిల్లుంది కాబట్టి విచ్చుకుంటుందని మోసపోవద్దు. ఆ చిల్లు తయారీ పద్ధతి వల్ల, గురి కోసం. అది పోటీలకే. 243 రైఫిల్ ఉన్నవాళ్లు 55, 58 గ్రెయిన్ల వార్మింట్ (చిన్న జంతువులకు వాడే) రౌండ్లతో జింక భుజం మీద కొట్టకండి, పైనే పగిలిపోతుంది. 90 నుంచి 100 తీసుకోండి. టెక్సాస్ హిల్ కంట్రీలో మన దుప్పులు ఉన్నాయి కదా, 1930లలో ఇండియా నుంచి తెచ్చి వదిలినవి, ఇప్పుడు ఏడాది పొడవునా వేట. వాటిలో పెద్ద మగది తెల్లతోక కన్నా బరువు, మొండి ప్రాణం. వాటికి 150 గ్రెయిన్ బాండెడ్ (సీసాన్ని తొడుగుకి అతికించినది) అయినా 165 అయినా మంచిదే. ఇదంతా అక్కడి సంగతి. ఇండియాలో ఉన్న బామ్మర్దులకు పంపి ఉత్సాహపరచకండి, అక్కడ 1972 వన్యప్రాణి చట్టం కింద జైలు.

హెచ్1బీ మీద ఉన్న తమ్ముళ్లకు ఒక మాట. నాన్‌ఇమిగ్రెంట్ వీసా వాళ్ల చేతిలో తుపాకీ గానీ తూటా గానీ ఉండాలంటే వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఉండాలి. టెక్సాస్ లైసెన్సు ఏటా ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబరులో కొత్తది తీసుకోకుండా డిక్కీ దగ్గర బాక్సు అందుకుంటే అది ఫెడరల్ కేసు. ఈ అన్న అలాంటివేవీ అడగడు, అడిగితే సరుకు ఎలా పోతుంది?

ఎవరి దగ్గర కొన్నా అన్ని బాక్సులూ తెరవండి, మొహమాటం నా 220తో పోయిందనుకోండి. కేసుల అడుగున ముద్రలన్నీ ఒకటేనా, బాక్సు మీది కంపెనీవేనా చూడండి. కేసు అంచు మీద ఎక్స్‌ట్రాక్టర్ (కేసును బయటికి లాగే కొక్కెం) గీతలుంటే అది ఒకసారి పేలి మళ్లీ నింపినది కావచ్చు. ఐదారు రౌండ్లు బల్ల మీద పక్కపక్కనే నిలబెడితే పొడవు తేడా కంటికే తెలుస్తుంది. అయస్కాంతం పెట్టి చూస్తే చాలదు. అది ఇనుమునే పట్టుకుంటుంది, సీసం నిండిన రాగి తొడుగుకి అతుక్కోదు. పేలినప్పుడు శబ్దం నీరసంగా టప్పుమని వస్తే ఆగండి. బోల్ట్ లాగి ఇంకోటి ఎక్కించకండి, రైఫిల్ ఖాళీ చేసి బ్యారెల్లోంచి కడ్డీ పోనిచ్చి చూడండి.

సెప్టెంబరు, అక్టోబరుల్లో ఆయన దగ్గర కొన్నవాళ్లు ఇవాళే బాక్సులు తెరవండి. నాకొచ్చిన వాటిలో పైన ఉన్న రెండు బాక్సులే అసలువి, కింది ఎనిమిదీ ఇవే. నా దగ్గర 152 మిగిలాయి. చెత్తబుట్టలో వేయకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. సోమవారం గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) దగ్గరికి తీసుకెళ్తున్నాను. మీవి కూడా అలాంటివే అయితే ఫొటోలు తీసి పెట్టుకోండి, అడుగు ముద్రలు, కొన గీతలు స్పష్టంగా కనపడేలా.