సఖి కేంద్రం: పిన్ని కూతురికి తోడుగా వెళ్ళి చూసినది

ఈ మధ్య, భర్త వేధింపులు పడుతున్న మా పిన్ని కూతురిని వెంటబెట్టుకొని మా జిల్లాలోని సఖి కేంద్రానికి, అంటే హింసకు గురైన మహిళలకు ఒకేచోట సాయం అందించే ప్రభుత్వ కేంద్రానికి, వెళ్ళాను. ఆమె క్షేమం దృష్ట్యా జిల్లా పేరు రాయడం లేదు గాని, అదే స్థితిలో ఉన్నవారికి పనికివస్తుందని అక్కడ అందిన సేవలను వివరంగా రాస్తున్నాను.

అంతకుముందు వెళ్ళిన పోలీసు స్టేషనులో, ఒంటి మీద దెబ్బలేవని అడిగి, లేవనేసరికి పెద్దమనుషుల మధ్య కూర్చొని సర్దుకొమ్మని పంపేశారు. ఇంట్లో మేమూ అన్నాళ్ళూ అడిగింది ఆ ఒక్క ప్రశ్నే కావడం ఇప్పటికీ బాధిస్తుంది.

సఖి కేంద్రంలో కౌన్సెలరు మొదట నన్ను బయట కూర్చోమన్నారు. వచ్చినది పుట్టింటివారైనా బాధితురాలితో ముందు ఒంటరిగానే మాట్లాడతామన్నారు. అరగంట తర్వాత, చెల్లి సరేనన్నాకే నన్ను లోపలికి పిలిచారు. జీతం పడే ఖాతా ఏటీఎం కార్డు ఎవరి దగ్గర ఉంటుంది, అమ్మతో మాట్లాడేటప్పుడు ఫోను స్పీకరులో పెట్టమంటారా, భర్త ఇంటికి వచ్చే వేళకు గుండె దడగా ఉంటుందా అని ఒక్కొక్కటిగా అడిగారు. చివరి ప్రశ్నకు చెల్లి జవాబు చెప్పలేక చేతిరుమాలు మడుస్తూ విప్పుతూ ఉండిపోతే, కౌన్సెలరు పెన్ను పక్కన పెట్టి, ఆమె తలెత్తేదాకా ఆగారు. ఈ సేవలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఆ ఆగడమే.

2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉన్న గృహహింస నిరోధక చట్టం దృష్టిలో కొట్టడం ఒక్కటే హింస కాదు. లైంగిక హింస, మాటలతో కుళ్ళబొడవడం, సంపాదన లాక్కోవడం కూడా దాని కిందికే వస్తాయి. ఇల్లు అత్తగారి పేరున ఉంది కనుక పొమ్మంటే పోవాల్సిందేనని మేమనుకున్నాం. కోడలు కాపురం చేసిన ఇల్లు అత్తమామలదైనా అందులో నివాస హక్కు కోరవచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పిందని అక్కడి న్యాయవాది వివరించాక చెల్లి ముఖంలో కొంత తేట కనిపించింది. మేజిస్ట్రేటు ముందు దరఖాస్తు వేస్తే మామూలుగా 3 రోజుల్లోపు మొదటి విచారణ జరగాలి. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు న్యాయసహాయం ఉచితం.

గొడవ ముదిరితే వంటింట్లోకి మాత్రం వెళ్ళవద్దని, కత్తులు, గ్యాసు అక్కడే ఉంటాయని, వీధిలోకి తలుపున్న గదిలోనే నిలబడాలని చెప్పారు. ఆధారు, బ్యాంకు పాసుపుస్తకం, పిల్లల జనన ధ్రువపత్రాల నకళ్ళు నమ్మకమైన ఇంట్లో దాచమన్నారు. ఇంతటి ఆచరణయోగ్యమైన సలహా మాకు మరెక్కడా దొరకలేదు.

లోపాలూ ఉన్నాయి. బోర్డు రోడ్డు మీదికి కనబడదు. ఆటోవాళ్ళకూ చిరునామా తెలియలేదు. తాత్కాలిక వసతి 5 రోజులే కావడం, చంకలో పసిబిడ్డతో కట్టుబట్టలతో వచ్చిన మనిషికి చాలా తక్కువని నా అభిప్రాయం.

వెళ్ళే ముందు 181కి ఫోను చేస్తే దగ్గరలోని కేంద్రం చెబుతారు, అది రాత్రీపగలూ పనిచేస్తుంది. ప్రాణం మీదికి వస్తే 112. కేంద్రంలో వారు రాసుకున్న ఫిర్యాదు నకలును ఉచితంగా ఇవ్వాలి కనుక తప్పక అడిగి తీసుకోండి. మా చెల్లిది మా బీరువాలో భద్రంగా ఉంది.