తోలు పని టూల్ కిట్ రివ్యూ: పనిముట్లు పర్వాలేదు, తోలు మాత్రం విడిగా కొనండి

మిద్దెతోటలో కొమ్మలు కత్తిరించే కట్టర్‌ని నడుముకి తగిలించుకోవడానికి తోలు హోల్‌స్టర్ సొంతంగా కుట్టుకుందామని, కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసమంటూ ఆన్‌లైన్‌లో అమ్మే టూల్ కిట్ ఒకటి తెప్పించాను. ధర వెయ్యి రూపాయల లోపే. తోలు మాత్రం చెన్నైలో ఒక దుకాణం నుంచి విడిగా తెప్పించుకున్నాను. హోల్‌స్టర్ తయారై రోజూ వాడకంలో ఉంది, కట్టర్ లోపలికి దిగాక గట్టిగా పట్టి ఉంచుతుంది, తలకిందులు చేసినా జారదు. నైలాన్ పౌచ్‌లు కొన్నవాళ్ళకి తెలుసు, కట్టర్ మొన అడుగున గుచ్చుకుని కొన్నాళ్ళకే చిల్లు పడుతుంది. దీనికి ఆ బాధ లేదు.

అన్నిటికంటే ముఖ్యం తోలు. కిట్‌లో కూడా కొన్ని ముక్కలు ఇస్తారు, జెన్యూన్ లెదర్ అని ముద్ర వేసి మరీ. అది నిజమైన తోలే, మోసం లేదు, కాకపోతే క్రోమ్ తోలు, అంటే క్రోమియం లవణాలతో పదును చేసినది. పర్సుకి, బ్యాగుకి బాగుంటుంది గానీ హోల్‌స్టర్‌కి పనికిరాదు, ఎందుకంటే తడిపి ఎంత నొక్కినా ఆరాక ఆ ఆకారంలో నిలబడదు. మనకి కావాల్సింది వెజ్ ట్యాన్, అంటే చెట్ల బెరళ్ళు, కాయల కషాయాలతో పదును చేసిన తోలు. దక్షిణాదిలో ఒకప్పుడు ఈ పదును పనికి తంగేడు చెక్క, కరక్కాయ బాగా వాడేవాళ్ళు, మనం బతుకమ్మలో పేర్చే ఆ తంగేడు చెట్టు బెరడే. కొనేముందు తెలుసుకోవడం తేలిక: కోసిన అంచు చూడండి, వెజ్ ట్యాన్ అయితే లోపలిదాకా గోధుమ రంగే ఉంటుంది, క్రోమ్ తోలుకి మధ్యలో చాలాసార్లు నీలం కలిసిన బూడిద రంగు కనిపిస్తుంది. రంగు వేయని వెజ్ ట్యాన్ మీద నీటి చుక్క వేస్తే పీల్చుకుని అక్కడ ముదురుగా మారుతుంది.

మందం 3 మిల్లీమీటర్లు అడగండి, తోలు మందాన్ని ఔన్సుల్లో కూడా చెబుతారు, ఆ లెక్కన 7 నుంచి 8. వీపు భాగం కావాలని కూడా గట్టిగా చెప్పండి, పొట్ట భాగం చవగ్గా వస్తుంది గానీ సాగిపోతుంది. చెన్నై దుకాణం వాళ్ళు అడగ్గానే గేజ్ పెట్టి మందం కనిపించేలా ఫొటో పంపారు, చాలా నచ్చింది. పార్సిల్ మాత్రం తోలుని మడత పెట్టి పంపారు. ఆ గీత ఎంత సాగదీసినా పోలేదు, దాన్ని తప్పించి నమూనా గీసుకోవడంతో పక్కన బోలెడు తోలు వృథా అయింది. చుట్టగా చుట్టి పంపమని ఆర్డర్ పెట్టేటప్పుడే చెప్పాలి.

ఇక కిట్. బెజ్జాలు కొట్టే పళ్ళ పంచ్‌లు బాగున్నాయి, పళ్ళ మధ్య దూరం 4 మిల్లీమీటర్లు, ఈ పనికి సరిపోతుంది. మైనం పూసిన దారం కూడా గట్టిదే. సూదులు మాత్రం పదునైనవి ఇచ్చారు, ఇది పెద్ద లోపం. చేత్తో కుట్టే శాడిల్ స్టిచ్‌లో ఒకే దారానికి రెండు చివర్లా సూదులు పెట్టి, ఒకే బెజ్జంలోంచి రెండు సూదులూ ఎదురెదురుగా దూర్చాలి. బెజ్జం ఎలాగూ ముందే కొట్టి ఉంటుంది కాబట్టి సూదికి పదును అక్కర్లేదు. పదునుంటే అవతలి దారాన్ని చీల్చుకుంటూ పోతుంది, అప్పుడు కుట్టు బిగించలేం. మొన మొద్దుగా ఉండే సూదులు విడిగా కొనండి, ఖర్చు కూడా తక్కువే. ఈ కుట్టుకి అంత శ్రమ ఎందుకంటారేమో, ఎక్కడైనా ఒకవైపు దారం తెగినా రెండోవైపు దారం కుట్టుని పట్టుకునే ఉంటుంది. మిషన్ కుట్టు ఒకచోట తెగితే విడిపోతూ పోతుంది.

కిట్‌తో వచ్చిన కాగితంలో అసలు లేని సంగతి ఇంకొకటి ఉంది. కట్టర్ బ్లేడ్ కుట్టు వైపే ఆనుతుంది. ముందు తోలుకీ వెనక తోలుకీ మధ్యలో అంచు పొడవునా ఒక తోలు పట్టీ పెట్టి అతికించి, దాన్ని కూడా కలిపి కుట్టాలి. అప్పుడు బ్లేడ్ ఆ పట్టీకి తగులుతుంది, దారం క్షేమం. అతికించడానికి చెప్పులు కుట్టేవాళ్ళు వాడే సొల్యూషన్ చాలు, రెండు వైపులా రాసి, కాస్త ఆరి జిగటగా అయ్యాక నొక్కాలి. పట్టీతో కలిపి మందం 9 మిల్లీమీటర్లు అవుతుంది, కిట్‌లోని పంచ్ పళ్ళు అంత లోతుకి దిగవు. పైనుంచి గుర్తులు కొట్టుకుని, ఆరెతో, అంటే చెప్పులు కుట్టేవాళ్ళు బెజ్జాలు పొడిచే మొనదేలిన పనిముట్టుతో, ఒక్కో బెజ్జం నిటారుగా పొడుచుకుంటూ వెళ్ళాలి. ఆరె కొంచెం వంకరపోయినా వెనకవైపు కుట్లు వరస తప్పుతాయి, అందుకే ఇక్కడ తొందర వద్దు. మంచి ఆరె ఒకటి కొనుక్కుంటే ఈ పని సగం సుళువవుతుంది. కిట్‌లో ఇచ్చినది మొద్దుది, ముందు నున్నటి ఇసుక కాగితం మీద రుద్దుకోవాలి.

నాకు అన్నిటికంటే నచ్చిన భాగం తడిపి అచ్చు తీయడం. కుట్టిన హోల్‌స్టర్‌ని గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ముంచి, బుడగలు రావడం తగ్గాక తీసి, కట్టర్‌ని లోపల పెట్టి వేళ్ళతో నొక్కుతుంటే బోల్టు గుండ్రటి తల, స్ప్రింగ్ దగ్గర ఒంపు అన్నీ తోలు మీద తేలతాయి. కట్టర్‌కి ముందు ప్లాస్టిక్ కవర్ గట్టిగా చుట్టండి, ఇది మర్చిపోకూడదు. తడి వెజ్ ట్యాన్‌కి ఇనుము తగిలితే నల్లటి మరక పడుతుంది, అది అంత తేలిగ్గా పోదు. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో గీత గీస్తే నల్లబడుతుంది కదా, ఇదీ అదే రసాయనం. ఆరబెట్టడం నీడలోనే. ఎండలో పెట్టినా, హెయిర్ డ్రయ్యర్ పట్టినా తోలు బిరుసెక్కి పగుళ్ళు వస్తాయి.

అంచులు నున్నగా చేసే చెక్క పుల్ల కిట్‌లో ఉంది, బాగానే పనిచేస్తుంది. అంచు కొంచెం తడిపి, తేనెమైనం రాసి గట్టిగా రుద్దితే మూడు పొరలూ కలిసిపోయి ఒకే ముక్కలా మెరుస్తాయి. నూనె మాత్రం పలచగా ఒక్కసారే. ఎక్కువైతే మనం తీసిన అచ్చు మెత్తబడిపోతుంది. వానాకాలంలో వెజ్ ట్యాన్‌కి బూజు పడుతుంది, గాలి తగిలేచోట వేలాడదీయండి. తడి కట్టర్‌ని లోపల వదిలేయకండి, తుప్పు పడుతుంది.

పనిముట్లకి 5లో 3 ఇస్తాను, తోలుకి 5కి 5. బెల్ట్ దూర్చే పట్టీని వెనక తోలుకి ముందే కుట్టేయాలి, రెండు ముక్కలూ కలిపాక సూది లోపలికి వెళ్ళదు. దానికి రివెట్లు వేద్దామనుకుంటే కిట్‌లోవి వాడకండి, అవి ఇనుము మీద ఇత్తడి పూత పూసినవి, తోటలో తడికి తుప్పు పట్టి తోలుని నల్లగా చేస్తాయి. అచ్చమైన ఇత్తడివో రాగివో తెచ్చుకోండి.