కుక్క జాతిని నిషేధించాలా, యజమానిని బాధ్యుణ్ణి చేయాలా: ఏది మేలు?

2022 జులైలో లక్నోలో ఓ పెంపుడు పిట్‌బుల్ సొంత ఇంటి పెద్దావిడ మీదే పడింది. 82 ఏళ్ల రిటైర్డ్ టీచర్ ఆమె. ఆ గాయాలతోనే చనిపోయారు. అదే ఏడాది అక్టోబరులో గాజియాబాద్ నగరపాలక సంస్థ పిట్‌బుల్, రాట్‌వైలర్, డోగో అర్జెంటీనో జాతుల్ని నిషేధించింది. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది: 23 జాతుల దిగుమతి, బ్రీడింగ్, అమ్మకం ఆపండి, ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించండి అని. సంబంధిత వర్గాలతో మాట్లాడకుండానే ఇచ్చారంటూ కర్ణాటక హైకోర్టు ఏప్రిల్ 10న దాన్ని కొట్టేసింది. కోర్టుల సంగతి అలా ఉంచితే, ఎక్కడ కుక్క కరిచిన వార్త వచ్చినా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ అదే డిమాండ్: ఆ జాతులను బ్యాన్ చేయండి.

బ్యాన్ చేస్తే మనకు భద్రత పెరుగుతుందా? ఈ ప్రయోగం చేసి చూసిన దేశాలు చాలానే ఉన్నాయి కాబట్టి ఊహలతో పని లేదు.

ముందు మన జాబితానే చూద్దాం. అందులో తోసా ఇను అని ఒకచోట, జపనీస్ తోసా అని ఇంకోచోట, ఒకే కుక్క రెండుసార్లు ఉంది. మన ఊళ్లలో ఎవరూ చూసి ఉండని కంగాల్, టోర్న్యాక్ లాంటి గొర్రెల కాపలా జాతులూ ఉన్నాయి. లేనివి ఏమిటంటే, జర్మన్ షెపర్డ్, డాబర్‌మాన్. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో పార్సిల్ ఇవ్వడానికి వెళ్లిన డెలివరీ కుర్రాడి మీదకు ఆ ఇంటి జర్మన్ షెపర్డ్ వచ్చింది. భయంతో పరిగెత్తి మూడో అంతస్తు నుంచి కింద పడి, తర్వాత ఆస్పత్రిలో చనిపోయాడు. అదే ఏడాది మేలో మణికొండలో మరో డెలివరీ అబ్బాయి డాబర్‌మాన్‌కు భయపడి మూడో అంతస్తు నుంచే దూకాడు. అదృష్టం బాగుండి బతికాడు. ఆ 23 జాతుల్నీ మన దేశంలో లేకుండా చేసినా ఈ రెండు ఘటనలూ అలాగే జరిగేవి. తలుపు తీసే ముందు కుక్కను కట్టేసి ఉంటే రెండూ జరిగేవి కావు.

ఇప్పుడు బ్రిటన్ సంగతి. ఈ విషయంలో అందరికంటే ఎక్కువ అనుభవం ఉన్నది వాళ్లకే. 1991లో డేంజరస్ డాగ్స్ యాక్ట్ తెచ్చి పిట్‌బుల్ టెర్రియర్, జపనీస్ తోసా, డోగో అర్జెంటీనో, ఫిలా బ్రసిలేరో, ఈ నాలుగింటినీ నిషేధించారు. అయినా ఇంగ్లండ్‌లో కుక్కకాటుతో ఆస్పత్రుల్లో చేరేవాళ్లు తగ్గలేదు. లక్ష జనాభాకు 1998లో 6.34 ఉన్న రేటు 2018 నాటికి 14.99కి చేరింది. ఈలోగా పిట్‌బుల్ స్థానంలోకి ఎక్స్ఎల్ బుల్లీ అనే కొత్త రకం వచ్చింది. పాత జాబితాలో దాని పేరు లేదు మరి. దాడులు పెరిగి ప్రాణాలు పోతుంటే, 2023 డిసెంబరు 31 నుంచి దాని అమ్మకం, బ్రీడింగ్ ఆపేశారు. 2024 ఫిబ్రవరి 1 నుంచి అనుమతి పత్రం లేకుండా ఇంట్లో ఉంచుకోవడం కూడా నేరమైంది.

అసలు తిప్పలు అక్కడే మొదలయ్యాయి. ఎక్స్ఎల్ బుల్లీని, కుక్క జాతుల్ని నమోదు చేసే బ్రిటన్ కెన్నెల్ క్లబ్ ఒక జాతిగానే గుర్తించలేదు. మరి ఏది బుల్లీ, ఏది కాదు? కొలతలు పెట్టారు. భుజం దగ్గర మగదైతే 51 సెంటీమీటర్లు, ఆడదైతే 48, ఆ పైన తల ఆకారం, ఛాతీ, తోక. యజమానులు ఇంట్లో కుక్కను గోడకు ఆనించి నిలబెట్టి టేపుతో కొలుచుకున్నారు. చట్టం కుక్క నడవడిక అడగలేదు, ఎత్తు అడిగింది! దేశం మొత్తం మీద పది వేలు ఉంటాయేమో అనుకుంటే, అనుమతి కోసం 50 వేలకు పైగా నమోదయ్యాయి. చూపుతో జాతి చెప్పడం ఎంత కష్టమో అమెరికాలోని ఫ్లోరిడాలో దిక్కులేని కుక్కల్ని ఉంచే షెల్టర్లలో చేసిన పరిశీలన కూడా చూపించింది. అక్కడి సిబ్బంది పిట్‌బుల్ రకం అని రాసుకున్న చాలా కుక్కలకు డీఎన్ఏ పరీక్షలో ఆ రక్తమే లేదు. రోజూ కుక్కల మధ్య ఉండేవాళ్ల పరిస్థితే ఇదైతే, మన మున్సిపల్ సిబ్బంది గేటు బయట నిలబడి ఏం తేలుస్తారు?

నెదర్లాండ్స్ 1993లో పిట్‌బుల్‌ను నిషేధించి, కాట్లు తగ్గలేదని 2008లో ఆ విధానాన్ని వదిలేసింది. ఇటలీ కూడా 2009లో జాతుల జాబితా పక్కనపెట్టి బాధ్యతను యజమాని మీద పెట్టింది.

ఇంత చెప్పాక, నిషేధం కోరేవాళ్లను వెర్రివాళ్లని కొట్టిపారేయడం మాత్రం అన్యాయం. వాళ్ల వాదనలో గట్టి పాయింట్ ఒకటుంది. కరిచే అవకాశం వేరు, కరిస్తే జరిగే నష్టం వేరు. పొమరేనియన్‌కూ కోపం వస్తుంది, మహా అయితే పిక్క మీద నాలుగు గాట్లు పడతాయి. యాభై కిలోల కుక్క పట్టు వదలకపోతే పసిపిల్లాడి ప్రాణం పోతుంది. 2024 మేలో చెన్నైలో ఓ పార్కులో ఐదేళ్ల పాప మీద పడ్డవి రెండు రాట్‌వైలర్లు. "పెంపకం బట్టి ఉంటుందండీ" అని ఆ తల్లికి చెప్పగలమా? లెక్కలన్నీ ఒకే వైపు కూడా లేవు. కెనడాలోని మానిటోబా రాష్ట్రంలో నిషేధాలు పెట్టిన ఊళ్లలో కుక్కకాటుతో ఆస్పత్రిలో చేరినవాళ్లు కొంత తగ్గారని ఒక అధ్యయనం తేల్చింది. ముఖ్యంగా ఇరవై ఏళ్ల లోపు వాళ్లలో ఆ తేడా కనిపించింది.

అందుకే కొన్ని చోట్ల మధ్యేమార్గం పట్టారు. జాతి పేరు చెప్పి నిషేధించరు, కానీ షరతులు పెడతారు. అమెరికాలోని డెన్వర్ నగరం 1989 నుంచి పిట్‌బుల్‌ను నిషేధించి, 2020 నవంబరులో ఓటింగ్ పెట్టి ఎత్తేసింది. ఇప్పుడు ప్రత్యేక పర్మిట్ తీసుకోవాలి. మూడేళ్లు ఏ గొడవా లేకుండా గడిస్తే మామూలు లైసెన్సుకు మారవచ్చు. బ్రిటన్‌లో బుల్లీ ఉన్నవాళ్లు పెట్టుకోవాల్సినవి కూడా ఇలాంటివే: ఆపరేషన్, గుర్తింపు కోసం చర్మం కింద పెట్టే మైక్రోచిప్, బీమా, బయటికి తీసుకెళ్తే మూతికి తొడుగు, మెడకు పట్టీ. పనికొచ్చేవే ఇవన్నీ. అయితే ఇవి ఏ పెద్ద కుక్కకైనా పనికొచ్చేవేగా, ఒక్క బుల్లీకేనా అన్నది నా సందేహం.

మూడో దారి జాతి ఊసే ఎత్తదు. కెనడాలోనే ఉన్న కాల్గరీ నగరంలో మూడు నెలలు దాటిన ప్రతి కుక్కకూ లైసెన్సు ఉండాలి, ఆ ఫీజులతోనే సిబ్బందిని పెట్టి నిబంధనలు అమలు చేస్తారు. జర్మనీలోని లోయర్ శాక్సనీ ఇంకో అడుగు ముందుకేసింది. 2013 నుంచి అక్కడ కొత్తగా కుక్కను పెంచాలనుకునేవాళ్లు డ్రైవింగ్ లైసెన్సుకు లాగా పరీక్ష రాయాలి, తర్వాత కుక్కతో కలిసి ప్రాక్టికల్‌కూ హాజరవ్వాలి. చిప్, బీమా తప్పనిసరి. ఈ దారిలో లోపాలు లేవని కాదు. 2022లో కాల్గరీలోనే మూడు కుక్కలు మీద పడి ఓ 86 ఏళ్ల పెద్దావిడ చనిపోయారు. పైగా ఈ పద్ధతికి డబ్బు, సిబ్బంది, ఓపిక కావాలి. నిషేధానికైతే ఒక కాగితం చాలు. నాయకులకు నిషేధం ముద్దొచ్చేది అందుకే.

మన దగ్గరికి వస్తే, 2024లో దేశవ్యాప్తంగా నమోదైన కుక్కకాట్లు సుమారు 37 లక్షలు. కరిచింది ఏ జాతి అన్నది ఆ లెక్కలో ఉండదు. కాబట్టి మనకు "ప్రమాదకర జాతి" అంటే పేపర్లో పడ్డ జాతి అనే అర్థం. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును చంపినవి వీధికుక్కలు. వాటికి ఏ జాబితా వర్తిస్తుంది? వీధుల్లో కావాల్సింది రేబిస్ టీకా, ఆపరేషన్లు, చెత్త ఎత్తడం. అది వేరే పెద్ద కథ.

పెంపుడు కుక్కల వరకు నా ఓటు మూడో దారికే. చట్టం మన దగ్గర లేక కాదు. పెంపుడు జంతువు విషయంలో నిర్లక్ష్యం చూపిన యజమానికి భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. లక్ష పోసి కుక్కను కొన్నవాడికి ఆ ఐదు వేలు ఒక లెక్కా? ఆ పైన కేసు పెట్టేది కూడా ఎవరో ఆస్పత్రి పాలయ్యాకే. నోయిడాలో మరికాస్త దారికొచ్చారు. 2023 మార్చి నుంచి అక్కడ పెంపుడు కుక్క ఎవరినైనా గాయపరిస్తే యజమానికి 10,000 జరిమానా, ఆ పైన చికిత్స ఖర్చు కూడా ఆయనదే. మన మున్సిపాలిటీలు చేయగలిగింది ఇదే: ప్రతి కుక్కకూ లైసెన్సు, చిప్, లిఫ్టులో పట్టీ లేకుండా దొరికితే కరవకముందే జరిమానా, ఒకసారి మీద పడిన కుక్కకు జాతితో పని లేకుండా మూతి తొడుగు.

పోట్లాటల కోసమే తయారుచేసిన జాతుల దిగుమతిని, బ్రీడింగ్‌ను ఆపుతామంటే నేను అడ్డు చెప్పను. హైదరాబాద్ ఎండలో, డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్లో దట్టమైన బొచ్చున్న భారీ కాకేసియన్ షెపర్డ్‌ను పెంచాల్సిన అవసరం ఎవరికీ లేదు, ముందు ఆ కుక్కకే లేదు. కానీ ఆ పని లైసెన్సులు, జరిమానాలు గట్టిగా అమలయ్యాక చేసుకోవచ్చు, వాటికి బదులుగా మాత్రం కాదు.