ఘట్‌కేసర్‌లో ఆరేళ్ల అద్దె కాపురం

2019లో హైదరాబాద్ తార్నాకలో సింగిల్ బెడ్‌రూమ్‌కి పన్నెండు వేలు కట్టలేక సిటీ శివారు ఘట్‌కేసర్ వచ్చాం. ఫస్ట్ ఫ్లోర్, డబుల్ బెడ్‌రూమ్, ఏడున్నర వేలు, రెండు నెలల అడ్వాన్స్. ఆఫీసులో వాళ్లేమో యాదగిరిగుట్టకి వెళ్లేటప్పుడు తప్ప ఆ దారి చూడలేదన్నారు. ఉప్పల్ నుంచి పదిహేను కిలోమీటర్లకు అటూ ఇటూ, అంతే. ఆ పదిహేను కిలోమీటర్ల సంగతే అసలు చెప్పాలి.

ఉప్పల్ నుంచి నారపల్లి దాకా పైవంతెన పని 2018లో మొదలైంది. మేము ఇల్లు మారినా, పాపకి స్కూల్ వయసు వచ్చినా, రోడ్డు మధ్యలో ఆ పిల్లర్లు అలాగే నిలబడి ఉన్నాయి. వర్షం పడితే పక్కన మిగిలిన దారిలో ఏది గుంతో ఏది రోడ్డో తెలియదు. ఎండాకాలం బైక్ మీద వస్తే ముక్కుకి కట్టుకున్న కర్చీఫ్ ఇంటికొచ్చేసరికి ఎర్రమట్టి రంగు. అద్దెలో మిగిలిన డబ్బు ఈ దారిలోనే కడుతున్నామని మా ఆవిడ అంటుంది, కాదనలేను.

అయితే బస్సు విషయంలో ఒక సుఖం ఉంది. 280 ఇక్కడే బయల్దేరుతుంది, పొద్దున సీటు ఖాయం. దారి మధ్యలో ఎక్కే అన్నోజిగూడ, జోడిమెట్ల వాళ్లకి ఆ భాగ్యం లేదు. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి మా ఆవిడకి నెల ఖర్చు తగ్గింది, రద్దీ మాత్రం పెరిగింది. సాయంత్రం ఉప్పల్‌లో ఎక్కితే నారపల్లి దాకా నిలబడాల్సిందే. 2024 మార్చిలో ఇక్కడి నుంచి లింగంపల్లికి ఎంఎంటీఎస్ లోకల్ రైలు వచ్చాక హైటెక్ సిటీకి నేను రైల్లోనే వెళ్తున్నా. రైళ్లు తక్కువ, ఒకటి తప్పితే ఆ రోజు ఆఫీసుకి లేటే. వాకిట్లో చెప్పులు వేసుకునేలోపు కూత వినిపిస్తే ఇక పరుగు తీయడం కూడా దండగ.

ఇల్లు చూసేటప్పుడు గోడల రంగు చూసి మోసపోకండి, రెండు విషయాలు అడగండి. ఒకటి, నీళ్లు. మా మొదటి ఇంట్లో బోరు నీళ్లు తప్ప వేరే లేవు. గిన్నెల అడుగున తెల్లటి పొర, కుక్కర్‌లో ఎన్ని విజిల్స్ వచ్చినా కందిపప్పు గింజలు గింజలుగానే ఉండేది. చివరికి క్యాన్ నీళ్లతో పప్పు వండుకున్నాం. రెండు, కరెంట్ మీటర్. ఓనర్‌కీ మనకీ కలిపి ఒకటే మీటరైతే యూనిట్లన్నీ కలిసి పై స్లాబ్‌లో పడతాయి. పైగా తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకి రెండు వందల యూనిట్ల లోపు ఉచిత కరెంట్ అద్దెదారులకూ వర్తిస్తుంది. మనకి విడి మీటర్ లేకపోతే అదీ చిక్కే. ఈ స్లాబ్ లెక్క తెలిసేసరికి మాకు మూడేళ్లు పట్టింది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరు చెప్పి ఒక నెల అద్దె పట్టుకున్నారు. అగ్రిమెంట్‌లో ఆ మాట లేదు, అయినా గొడవెందుకులే అని ఊరుకున్నా. ఇప్పటికీ తలుచుకుంటే మంటే.

రాత్రిళ్లు డాబా మీద పడుకునే ఊరు హైదరాబాద్ చుట్టుపక్కల ఇంకా ఉందంటే మా చుట్టాలు నమ్మరు. గాలి బాగుంటుంది. ఎయిర్‌పోర్ట్‌కి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే చాలు, సిటీలో ఉన్న మా తమ్ముడికంటే ప్రశాంతంగా చేరుకుంటాను. కూరగాయలు తాజావి దొరుకుతాయి.

దేవుడు మేలు చేసి మళ్లీ రాకూడదనుకునే రాత్రి ఒకటుంది. పాపకి జ్వరం నూటమూడు, టైమ్ ఒంటిగంట. ఒక క్యాబ్ ఒప్పుకుని క్యాన్సిల్, ఇంకొకటి క్యాన్సిల్. కింది పోర్షన్ అన్న తన ట్రాలీ ఆటో తీశాడు. ముందు సీట్లో మా ఆవిడ, ఒళ్లో పాప, వెనకాల టమాటా ట్రేల మధ్య నేను. ఉప్పల్ దాకా అలాగే వెళ్లాం. మర్నాడు డీజిల్ డబ్బులివ్వబోతే కోపగించుకున్నాడు. చిన్నపిల్లలో, పెద్దవాళ్లో ఉన్నవాళ్లు ఇటు రావాలనుకుంటే ఈ సంగతి గుర్తుపెట్టుకుని రండి.

ఇప్పుడున్న ఇంటికి పదకొండు వేలు. నల్లా నీళ్లొస్తాయి, మీటర్ విడిగా ఉంది, స్టేషన్‌కి నడక. ఈ నెల ఓనరమ్మ వెయ్యి పెంచుతానంది. ఐదు వందలకి బేరం కుదిరింది, దానికి బదులు మేడమీది కుండీలకి రోజూ నేనే నీళ్లు పోయాలట.