ఎనిమిదేళ్లు కట్టాక మా హెల్త్ పాలసీ గురించి

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో చాలా ఏళ్లు లెక్కలు రాశాను. పెన్షన్ లేదు. అందుకే పని మానేసిన ఏడాదే, 2017 నవంబర్‌లో, నాకూ మా ఆవిడకూ కలిపి 5 లక్షల ఫ్లోటర్ పాలసీ తీసుకున్నాను. అప్పుడు నాకు 61. కంపెనీ పేరు రాయను. ఆ పాలసీతో మాకు ఏం జరిగిందో రాస్తాను.

మా వయసు వాళ్లు పాలసీ మంచిదా కాదా అని ఒక్క మాటతో తేలుస్తారు: "పైసలు ఇచ్చిండ్రా?" నేనూ అలాగే అనుకునేవాడిని. 2020లో మా ఆవిడ కంటిశుక్లం ఆపరేషన్‌కు డబ్బు వచ్చింది కాబట్టి మంచి పాలసీ అని నలుగురికి చెప్పాను కూడా. అది తొందరపాటు.

2022లో రాత్రిపూట నాకు ఛాతీలో నొప్పి వచ్చింది. నల్లగొండలో చూపించి, అక్కడి నుంచి హైదరాబాద్ తీసుకెళ్లారు. స్టెంట్ వేశారు. ఖాళీగా ఉందని మావాడు రోజుకు 8 వేల గది తీసుకున్నాడు. మా పాలసీలో గది అద్దె పరిమితి బీమా మొత్తంలో ఒక శాతం, అంటే 5 వేలు. పైన మూడు వేలే కదా, కట్టుకుందాం అనుకున్నాం. కానీ కోత గది అద్దెతో ఆగదు. 8 వేల గదికి 5 వేలే పరిమితి కాబట్టి డాక్టర్ ఫీజు, నర్సింగ్, ఆపరేషన్ థియేటర్, అన్నింటిలోనూ ఎనిమిదింట ఐదు వంతులే ఇస్తారు. మందులకు, స్టెంట్‌కు మాత్రం ఈ కోత లేదు. బిల్లు 2,80,000. గది అద్దె వల్ల 60,000 పోయింది. గ్లోవ్స్, సిరంజిల వంటి వాటికి 9,000 తీసేశారు. మిగిలినదాని మీద 20 శాతం కో-పే, అంటే పాలసీ ప్రకారం మేమే కట్టాల్సిన వాటా, 42,200. మొత్తం 1,11,200 మా చేతి నుంచి పడింది. ఇంటికి వెళ్లొచ్చని డాక్టర్ ఉదయం 11కు చెప్తే, కంపెనీ నుంచి అప్రూవల్ వచ్చేసరికి రాత్రి ఏడున్నర. స్టెంట్ వేసిన మనిషి ఎనిమిది గంటలు బిల్లు టెన్షన్‌తో కూర్చోవాలా? ఆ రోజు బాధ నాకు ఇంకా పోలేదు. మా గల్లీలో ఒక పెద్దాయన ఆరోగ్యశ్రీ మీద ఇదే చికిత్స చేయించుకుని రూపాయి కట్టకుండా వచ్చాడు.

2025 ఫిబ్రవరిలో మా ఆవిడకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్. ఈసారి ముందే అడిగి 4,500 గది తీసుకున్నాం. కో-పే, చిన్న చిన్న కోతలు తప్ప ఇబ్బంది లేదు. డిశ్చార్జ్ అప్రూవల్ రెండున్నర గంటల్లో వచ్చింది. మూడు గంటల్లో ఇవ్వాలని, ఆలస్యమైతే ఆ అదనపు ఖర్చు కంపెనీయే భరించాలని 2024 మేలో బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ నిబంధన పెట్టింది. దాని పుణ్యమే అనుకుంటున్నాను.

ప్రీమియం సంగతి. 2024లో జీఎస్టీతో కలిపి 59,000 కట్టాను. మొదటి ఏడాది కట్టినదానికి రెట్టింపు కన్నా ఎక్కువ. అరవై దాటినవాళ్లకు ఏడాదికి పది శాతం మించి పెంచాలంటే ముందు తమను సంప్రదించాలని 2025 జనవరిలో ఐఆర్‌డీఏఐ చెప్పింది. మా కంపెనీవాళ్లు సరిగ్గా పది శాతం పెంచారు. సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ తీసేశారు కాబట్టి 55,000తో బయటపడ్డాను.

ఎవరైనా తల్లిదండ్రులకు పాలసీ తీసుకుంటుంటే దయచేసి ఎన్ని లక్షల కవర్ అని మాత్రమే అడగకండి. గది అద్దె పరిమితి ఉందా, కో-పే ఎంత, ఈ రెండూ కాగితం మీద చూపించమనండి. షుగర్, బీపీ దాచకండి. మా ఆవిడ షుగర్ మొదటి రోజే రాయించాం కాబట్టే రెండుసార్లూ ఆ పేరుతో ప్రశ్న రాలేదు.

గది పరిమితి లేని వేరే కంపెనీ పాలసీకి పోర్ట్ అవుదామని, అంటే మారదామని, చూస్తున్నాను. రెన్యువల్‌కు కనీసం 45 రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి. స్టెంట్ ఉన్న మనిషిని కొత్త కంపెనీ తీసుకోకపోవచ్చు. తీసుకోకపోతే నవంబర్‌లో దీనికే కడతాను, 5 వేల లోపు గదిలోనే చేర్చమని మావాడికి చెప్పి పెట్టాను.