గోడ మీద ఏడు ఋతువులు: లారకియా క్యాలెండర్‌పై ఒక సైన్సు టీచరు సమీక్ష

ఆస్ట్రేలియా ఉత్తర తీరంలోని డార్విన్ నగరంలో హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పడం నా ఉద్యోగం. నా తరగతుల్లో ఆదివాసీ పిల్లలు ఎప్పుడూ తక్కువ ఉండరు. పదో తరగతి దాటాక ఫిజిక్సో కెమిస్ట్రీయో తీసుకొనేవారిలో మాత్రం వారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ తేడా కొంతైనా తగ్గుతుందేమోనన్న ఆశతో రెండేళ్ల కిందట ప్రయోగశాల గోడకు అంటించిన గులుమర్గిన్ ఋతు క్యాలెండర్ ఎంతవరకు పనికివచ్చిందో ఇక్కడ రాస్తున్నాను.

గులుమర్గిన్ అనేది డార్విన్ నేలకు అసలు హక్కుదారులైన లారకియా ప్రజల భాష. ఆ ప్రజల్లో కొందరు ఆస్ట్రేలియా జాతీయ విజ్ఞాన పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్.ఓ.తో కలిసి 2012లో ఈ క్యాలెండర్‌ను వెలువరించారు. సంస్థ వెబ్‌సైట్ నుంచి ఉచితంగా దించుకోవచ్చు. చక్రం ఆకారంలో ఉండే ఈ పటంలో ఏడు ఋతువులున్నాయి: తొలి వానల బల్న్‌బా, ముసురు పట్టే దలాయ్, ఈటెగడ్డి నేలకు ఒరిగి బాతుగుడ్లు దొరికే మయిలెమా, బారమండి చేపల, అడవి పండ్ల దమిబిలా, మంచు బాగా కురిసే దినిజంగ్గమా, పెనుగాలుల గుర్రుల్వా గులిగి, వానకు ముందు ఉక్కపోతతో ప్రాణం తీసే దలిర్గంగ్. పాఠ్యపుస్తకాల్లో కనిపించే నాలుగు ఋతువులకు డార్విన్‌లో అర్థమే లేదు. ఊళ్లో జనం వాడుకగా చెప్పే ‘వానాకాలం, పొడికాలం’ అన్న విభజన కూడా ఈ చక్రం పక్కన పెట్టి చూస్తే చాలా మొరటుగా తోస్తుంది.

తెలుగువారికి ఇది వెంటనే అర్థమవుతుంది, ఎందుకంటే రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని, ఆరుద్ర పురుగు కనబడితే దుక్కికి వేళయిందని మా తాత చెబుతుండగా విని పెరిగినవాళ్లం మనం. అయితే ఒక ముఖ్యమైన తేడా ఉంది. మన 27 కార్తెలూ సూర్యుడు నక్షత్రాలలో ప్రవేశించే లెక్క మీద నడుస్తాయి కాబట్టి తేదీలు దాదాపు స్థిరంగా ఉంటాయి, వాన మాత్రం వాటిని పట్టించుకోకపోవచ్చు. లారకియా ఋతువు గడ్డి, గాలి, చేప ఇచ్చే గుర్తులతోనే మొదలవుతుంది కాబట్టి ఒక ఏడు ముందుగా, మరో ఏడు ఆలస్యంగా రావచ్చు. తేదీని కాక గుర్తును నమ్మడమంటే పరిశీలనను నమ్మడమే. అందుకే దీన్ని సంస్కృతి పాఠంలో కాక సైన్సు పాఠంలో వాడాలన్నది నా అభిప్రాయం.

నాకు బాగా పనికివచ్చింది మంచు ఋతువు. గాలిలో తేమ తక్కువగా ఉండే పొడికాలంలో తెల్లారేసరికి గడ్డి తడిసి ముద్దవుతుంది, తేమతో ఒళ్లంతా జిడ్డుకారే దలిర్గంగ్‌లో మాత్రం మంచు పడదు. ఎందుకు అని పిల్లలను అడిగాను. స్టీలు గ్లాసులో నీళ్లు పోసి, మంచుముక్కలు ఒక్కొక్కటే వేస్తూ, గ్లాసు బయట చెమ్మ పట్టిన క్షణాన థర్మామీటరు చూసి తుషార బిందువును, అంటే గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రతను, నమోదు చేశాం. మబ్బులేని పొడికాలపు రాత్రుల్లో నేల తన వేడిని ఆకాశంలోకి వదిలి ఆ బిందువు కంటే కిందికి చల్లబడుతుందని, ఉక్కపోత రాత్రుల్లో మబ్బూ తేమా ఆ వేడిని పోనివ్వవని వాళ్లే తేల్చారు. వెనుక బెంచీలో కూర్చుని కిటికీలోంచి చూస్తుండే పిల్లలు ఆ వారం ముందుకు వచ్చారు.

ఇంకొక సుగుణం మొదటిసారి చూసినప్పుడు నేను గమనించనే లేదు. రచయితల పేర్ల వరుసలో లారకియా వారి పేర్లు ముందున్నాయి, సంస్థ శాస్త్రవేత్త పేరు చివర ఉంది. ఆదివాసీలను ‘సమాచారం ఇచ్చినవారు’ అని కింద చిన్న అక్షరాలలో వేసి కృతజ్ఞతలతో సరిపెట్టే అలవాటు పరిశోధనా లోకానికి ఎంతగా ఉందో తెలిసినవారికి ఆ వరుస విలువ తెలుస్తుంది.

ఇక లోపాలు. ఒక కుర్రాడు చక్రాన్ని చాలాసేపు చూసి, “ఇదంతా తెలిసినవాళ్లకు జీతం ఎవరిస్తారు సార్?” అని అడిగాడు. ఈ పటంలో దానికి సమాధానం లేదు. లారకియా రేంజర్లు చేసే తీరప్రాంత సంరక్షణ, ఆదివాసీల వాతావరణ జ్ఞానానికి తన వెబ్‌సైట్‌లో ప్రత్యేక విభాగం ఉంచిన వాతావరణ శాఖ, ఊళ్లోనే ఉన్న చార్లెస్ డార్విన్ విశ్వవిద్యాలయం వంటి దారులను నేనే ఒక కాగితం మీద రాసి పక్కన అంటించుకోవలసి వచ్చింది. సైన్సు వృత్తుల వైపు పిల్లలను తిప్పాలనుకొనే ఉపాధ్యాయుడికి ఇది సగం పనిముట్టు మాత్రమే.

మిగతా సగానికి శిబిరాలు కావాలి. 1992లో ప్రారంభమైన ఆసెట్స్ వేసవి శిబిరం పదో తరగతి ఆదివాసీ విద్యార్థులను తొమ్మిది రోజులు శాస్త్రవేత్తల మధ్య ఉంచిన ఏర్పాటు. తరువాత అది గనుల కంపెనీ బి.హెచ్.పి.కి చెందిన ఫౌండేషన్ నిధులతో 2014 నుంచి 2021 వరకు సి.ఎస్.ఐ.ఆర్.ఓ. నడిపిన ఆదివాసీ స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) విద్యా ప్రాజెక్టులో భాగమైంది. అటువంటి శిబిరం సహజంగానే అప్పటికే బాగా చదువుతున్నవారిని ఎంచుకుంటుంది. గోడమీది పటానికి దరఖాస్తు అక్కరలేదు, గడువు లేదు. అయితే అది ఎవరినీ ప్రయోగశాల గుమ్మం దాకా తీసుకుపోలేదు కూడా.

ముద్రించుకొనేవారికి రెండు మాటలు. ఏ3 కాగితం మీద అక్షరాలు చదవడానికి కళ్లు చికిలించాలి, కనీసం ఏ1 సైజు తీయించండి. రంగులు లేకుండా తీస్తే బొమ్మలేవో తెలియవు. లామినేషన్ చేయించని నా మొదటి ప్రతి ఒక్క దలిర్గంగ్‌కే ముడుచుకుపోయి గోడ మీద నుంచి రాలింది. డార్విన్ బయట పనిచేసేవారు దీన్ని తీసుకుపోవద్దు. తీవీ దీవులకు, డేలీ నది దగ్గరి ప్రజలకు వేరే క్యాలెండర్లు సంస్థ వెబ్‌సైట్‌లోనే ఉన్నాయి, మీ బడి ఎవరి నేల మీద ఉందో కనుక్కొని ఆ ఊరి చక్రమే అంటించండి. నేను ఐదుకు నాలుగు ఇస్తాను. తగ్గిన ఆ ఒక్కటీ జీతం గురించి అడిగిన కుర్రాడి లెక్కలోది.