రంగుల డయళ్ల కోసం ఇంగ్లండ్‌లో ఆరు రోజులు

సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటగంటకీ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం ముందు ఇప్పటికీ జనం కూర్చుని ఎదురుచూస్తారు. నా తొమ్మిదో ఏట పెదనాన్న నన్ను అక్కడికి తీసుకెళ్లారు. అందరూ బొమ్మ కోసం చూస్తుంటే ఆయన అంకెల వైపు చూస్తున్నారు. తెనాలిలో షాపుల బోర్డులు రాసేవారాయన. "గుండ్రంగా తిరిగే చోట అంకె వంకర పోకుండా రాయడం ఎంత కష్టమో తెలుసా?" అన్నారు. ఆ మాట నాకు అలా ఉండిపోయింది.

కిందటేడు కోవెంట్రీలో అక్క వాళ్లింటికి వెళ్లినప్పుడు, బావ స్నేహితుడి ఇంటి హాల్లో నిలువెత్తు గడియారం ఒకటి చూశాను. గ్రాండ్‌ఫాదర్ క్లాక్ అంటామే, అది. పాలమీగడ రంగు డయల్, నాలుగు మూలల్లో స్ట్రాబెర్రీ కాయలు, ఆకులు, చుట్టూ ఉబ్బెత్తుగా బంగారు పూత. రెండొందల ఏళ్ల కిందటిదట. ఇలాంటివి ఇంకా చూడాలనిపించి ఈసారి ఆరు రోజులు దీనికే కేటాయించాను. ఎవరికైనా ఇదే పిచ్చి ఉంటే పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటి రెండు రోజులూ లండన్. సౌత్ కెన్సింగ్టన్‌లోని సైన్స్ మ్యూజియం లోపలే క్లాక్‌మేకర్స్ మ్యూజియం ఉంది. 1631లో ఏర్పడిన గడియార పనివాళ్ల సంఘం సేకరణ అది. పాత గిల్డ్‌హాల్ నుంచి 2015లో ఇక్కడికి మార్చారు. ప్రవేశం ఉచితం, కానీ టైం స్లాట్ ముందే బుక్ చేసుకుంటే గేటు దగ్గర టెన్షన్ ఉండదు. సముద్రంలో రేఖాంశం లెక్క తేల్చిన జాన్ హారిసన్ పనితనం అక్కడ దగ్గరగా చూడొచ్చు. బ్రిటిష్ మ్యూజియంలో 38, 39 నంబరు గదులు గడియారాలవే. అక్కడ కూడా టికెట్ లేదు. రెండూ గొప్ప చోట్లు. కానీ నాలా రంగుల డయళ్ల కోసమే వెళ్లేవాళ్లు లండన్‌కు ఒక్క రోజు చాలనుకోండి. లండన్ పనివాళ్లు ఇత్తడినీ, వెండి పూతనీ అంత తేలిగ్గా వదల్లేదు. రంగుల డయల్ ఊళ్లది, ముఖ్యంగా మధ్య ఇంగ్లండ్, ఉత్తరం, స్కాట్లండ్‌లది.

లండన్‌లో దిగిన హోటల్ గురించి చెప్పాలంటే బాధే. రాత్రికి 95 పౌండ్లు. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. రెండో రోజు పొద్దున వేడినీళ్లు రాలేదు. రిసెప్షన్‌లో చెబితే "చూస్తాం" అన్నారు, సాయంత్రం దాకా చూడలేదు. కొంత డబ్బు వెనక్కివ్వమని అడిగితే ఆన్‌లైన్‌లో బుక్ చేసిన కంపెనీని అడగమన్నారు, ఆ కంపెనీవాళ్లు హోటల్‌ని అడగమన్నారు. మళ్లీ వెళ్తే ఊరికి కాస్త బయటైనా సరే, ఇల్లుగలవాళ్లు నడిపే చోటే చూసుకుంటాను.

మూడో రోజు కెంట్‌లోని బెల్‌మాంట్. ఫావర్‌షామ్ స్టేషన్‌లో దిగి టాక్సీ పట్టుకోవాలి. తిరుగు టాక్సీ కూడా అప్పుడే మాట్లాడుకోండి, అక్కడ రోడ్డు మీద నిలబడితే ఏమీ దొరకదు. హారిస్ కుటుంబపు ఇల్లిది. ఐదో లార్డ్ హారిస్ మూడొందలకు పైగా గడియారాలు పోగుచేశాడు. గడియారాల కోసం ప్రత్యేకంగా టూర్ ఉంటుంది, దాని తేదీ చూసుకుని వెళ్లడం మంచిది. నాకు ఆ ఇంట్లో కాళ్లు కాసేపు ఆగిపోయిన కారణం వేరే. 1799లో శ్రీరంగపట్నం ముట్టడికి సేనాని ఈ వంశంలో మొదటి లార్డ్. మూడో లార్డ్ 1854 నుంచి 1859 దాకా మద్రాసు గవర్నరు. అంటే గుంటూరు, రాజమండ్రి ప్రాంతాలు అప్పట్లో ఆయన ఏలుబడిలోవే. అంత దూరం వచ్చి, ఒక మెట్ల పక్కన మన ఊళ్ల చరిత్ర ముక్క ఎదురైతే ఏం చెయ్యాలో తోచలేదు. గైడుగా ఉన్న పెద్దావిడకు ఈ మాట చెబితే శ్రద్ధగా విని, నన్ను గుంపు నుంచి వెనక్కి పిలిచి ఇంకో పది నిమిషాలు చూడనిచ్చింది. ఈ యాత్రలో టికెట్టు కొన్న చోట్లలో ఇదే నాకు నచ్చింది.

తిరుగు ప్రయాణం ఆదివారం పడింది. పట్టాల మరమ్మతులని సగం దారి రైలు బదులు బస్సు వేశారు. రెండు గంటల ప్రయాణం నాలుగున్నర గంటలైంది. అక్క కట్టిచ్చిన పులిహోర ఆ బస్సులోనే ఖాళీ అయింది. దూర ప్రయాణాలు ఆదివారం పెట్టుకోకండి.

అసలు కథ బర్మింగ్‌హామ్‌లో మొదలవుతుంది. అంతకు ముందు డయల్ అంటే ఇత్తడి పలక. గంటల అంకెలు చెక్కిన వెండి పూత చక్రం వేరే, మూలల్లో పోతపోసిన నగిషీలు వేరే. అన్నీ అతికించి, చెక్కి, నునుపు చేయాలి. 1772 సెప్టెంబర్ 28న ఆస్బోర్న్, విల్సన్ అనే ఇద్దరు భాగస్వాములు అక్కడి గెజిట్ పత్రికలో ప్రకటన వేశారు, ఎనామెల్ అనే గాజుపూతని పోలిన తెల్లటి గడియారపు డయళ్లు కొత్త పద్ధతిలో చేస్తున్నామని. ఇనుప రేకు మీద పూత వెయ్యడం, పొయ్యిలో సన్నని వేడికి ఆరబెట్టడం, మళ్లీ పూత, మళ్లీ వేడి. ఇది ఆ ఊళ్లో ట్రేలకీ, డబ్బాలకీ అప్పటికే చేస్తున్న జపానింగ్ పనే. అచ్చు అక్షరాలకు పేరుపడ్డ జాన్ బాస్కర్‌విల్ డబ్బు సంపాదించింది కూడా ఈ పనిలోనే. దీపం వెలుతురులో ఇత్తడి మీద చెక్కిన అంకె కనిపించక కళ్లు చికిలించుకునేవాళ్లకు తెల్లటి డయల్ మీద నల్లటి అంకె ఎంత హాయో ఊహించుకోవచ్చు. ఆ ఇద్దరూ 1777లో విడిపోయారు, పని మాత్రం పాతికేళ్లలో దేశమంతా పాకింది.

హ్యాండ్స్‌వర్త్‌లో సోహో హౌస్ చూశాం, బావ కారులో తీసుకెళ్లాడు. పెద్ద కార్ఖానాల యజమాని మాథ్యూ బోల్టన్ ఇల్లది. వారంలో కొన్ని రోజులే తెరుస్తారు, చూసుకుని వెళ్లాలి. నక్షత్రాల కాలం చూపించే బోల్టన్ గడియారం ఒకటి అక్కడుంది, అప్పట్లో కొనేవాళ్లే దొరకలేదట. ఆ ఇంట్లో కలుసుకునే పండితుల బృందం పున్నమికి దగ్గరి రోజునే సమావేశం పెట్టుకునేది, తిరిగి వెళ్లేటప్పుడు దారి కనిపించాలని. డయల్ పైన విల్లులాంటి చోట చంద్రుణ్ని ఎందుకు పెట్టేవారో నాకు అక్కడ అర్థమైంది. పళ్ల చక్రం మీద రెండు చంద్రుళ్లు వేసి ఉంటాయి. ఇరవై తొమ్మిదిన్నర రోజులకు సగం చుట్టు తిరిగి ఒకటి దిగిపోతే రెండోది పైకొస్తుంది. వీధి దీపాలు లేని రోజుల్లో రేపు రాత్రి వెన్నెల ఉంటుందా అన్నది ఆ ఇంటివాళ్లకు నిజంగా కావలసిన సంగతి.

నాలుగో రోజు వేలం హాలు. నా సలహా అడిగితే రంగుల డయళ్లకు ఇంతకు మించిన మ్యూజియం లేదు. చిన్న చిన్న ఊళ్లలో వేలానికి ముందు రోజు ఎవరైనా లోపలికి వెళ్లి వస్తువులు చూడొచ్చు. టికెట్ లేదు, అద్దాల అడ్డం లేదు. మేం వెళ్లిన చోట పదకొండు నిలువు గడియారాలు వరసగా గోడకు నిలబెట్టి ఉన్నాయి. చాలావాటికి 200 నుంచి 500 పౌండ్ల మధ్య అంచనా రాసి ఉంది. పై కమిషన్ వేరే. ఏడడుగుల పెట్టె పెట్టుకునే ఇళ్లు తగ్గిపోయాయి, ధరలు అలా పడిపోయాయి. ఒక్కోదాని ముందు నిలబడితే మనసు కలుక్కుమంది.

పదకొండిట్లో ఒక్కదాని ముందు నేను గంటసేపు ఉన్నాను. పద్నాలుగు అంగుళాల డయల్. నాలుగు మూలల్లో నలుగురు స్త్రీలు, నాలుగు ఖండాలు. ఆసియా పక్కన ఒంటె. ఆమె ఎర్ర శాలువా మడతలో లేత గులాబీ గీత ఒకటి, కుంచె పెట్టిన చోట లావుగా, ఎత్తిన చోట వెంట్రుకలా. పూత అంతా సన్నటి బీటలతో ఎండిన చెరువు అడుగులా ఉంది. చంద్రుడి బుగ్గ అరిగిపోయింది. కీ తిప్పే రెండు కన్నాల చుట్టూ పూత రాలి ఇనుము కనబడుతోంది. ఇన్నేళ్లుగా వారానికోసారి కీ ఇచ్చిన చేతులు తగిలి తగిలి అలా అయింది. పక్కనే ఇంకో గడియారానికి కన్నాలే లేవు. అది ముప్పై గంటలది, రోజూ లోపలి గొలుసు లాగాలి. ఎనిమిది రోజుల గడియారం ఖరీదెక్కువ కాబట్టి, కొందరు ముప్పై గంటలదానికి కూడా ఉత్తుత్తి కన్నాలు పెట్టించుకునేవారట. పక్కింటివాళ్ల కోసం అన్నమాట.

కాలం పోల్చుకోవడం కొద్దిగా అలవాటైతే కష్టం కాదు. మొదట్లో తెల్ల జాగా ఎక్కువ, మూలల్లో చిన్న పూలగుత్తి, పిట్ట, బంగారు ఉబ్బు. 1800 దాటాక కొన్నేళ్లు రోమన్ అంకెల బదులు మామూలు అంకెలు ఎక్కువ కనిపిస్తాయి. మూలలకు విసనకర్రలు, గవ్వలు వచ్చాయి. 1830ల తర్వాత మూలలన్నీ బొమ్మలతో నిండిపోయాయి, గుడిసెలు, పాడుబడ్డ మఠాలు, ఋతువులు, బైబిల్ కథలు. నాకు మొదటివే ఇష్టం. ఆ తెలుపులో ఊపిరాడుతుంది. తర్వాత అమెరికా, జర్మనీల చవక గడియారాలు వచ్చి ఈ పనే ఆగిపోయింది.

అదే సాయంత్రం టూరిస్టులు ఎక్కువగా తిరిగే ఒక ఊళ్లో పాత సామాన్ల షాపుకి వెళ్లాం. ఆ షాపు పేరు ఇక్కడ అనవసరం. ఒక నిలువు గడియారానికి 2,400 పౌండ్లు చెప్పాడు, రంగు మొత్తం పాతదేనన్నాడు. ఒక్క బీట లేదు. అంకెలన్నీ నిన్న రాసినట్టు మెరుస్తున్నాయి. కీ కన్నాల అంచు లోపలికి కూడా కొత్త పెయింటు జారి గడ్డకట్టింది. డయల్‌ని కప్పే పైపెట్టె ఒకసారి ముందుకు జరిపి చూపించమంటే కుదరదన్నాడు. "పద బావా" అన్నాను. పైపెట్టె తీసి చూపించని చోట కొనకండి. అది చెక్క గాడిలో ముందుకు జరిగే పెట్టె, తియ్యడానికి అర నిమిషం పట్టదు.

మర్నాడు ఒక రిపేరు మేస్త్రీ వర్క్‌షాప్. ముందే ఫోన్ చేసి వెళ్లాం. డెబ్బై దాటిన మనిషి, డబ్బు అడగలేదు, రెండు గంటలు కూర్చోబెట్టి చెప్పాడు. డయల్ మీద రాసిన పేరు చాలాసార్లు ఆ ఊళ్లో గడియారం అమ్మినవాడిది. పూతా పొయ్యిపనీ అంతా అయ్యాక, చివర్లో పల్చటి నల్లరంగుతో రాస్తారు కాబట్టి తడిబట్టతో నాలుగు సార్లు తుడిస్తే ముందు పోయేది ఆ పేరే. ఎంతో మంది శుభ్రం చేస్తున్నామనుకుని దాన్నే చెరిపేశారట. డయల్ చేసినవాళ్ల పేరు వెనకుంటుంది. బర్మింగ్‌హామ్ డయళ్లకు చాలావాటికి వెనక ఫాల్స్ ప్లేట్ అని పోత ఇనుప చట్రం ఒకటి బిగించేవారు, డయల్ కాళ్లు ఏ యంత్రానికైనా కుదిరేట్టు. ఆయన పైపెట్టె జరిపి, టార్చి వేసి, పంటి డాక్టర్లు వాడే చిన్న అద్దం నా చేతికిచ్చాడు. దుమ్ము, నల్లబడ్డ నూనె, వాటి మధ్య ఉబ్బెత్తు అక్షరాలు తిరగబడి కనిపించాయి. ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివాను. విల్సన్. ప్రకటన వేసిన ఇద్దరిలో ఒకడు.

"మరి బొమ్మలు వేసినవాళ్ల పేరు?" అని అడిగాను. ఎక్కడా ఉండదన్నాడు. వరసగా కూర్చుని రోజుకు ఇన్నని వేసిన పనివాళ్లు. మా ఊళ్ల బోర్డు ఆర్టిస్టులు కింద కుడి మూలన తన పేరు, పక్కన "ఆర్ట్స్" అని చిన్నగానైనా రాసుకునేవాళ్లు. వీళ్లకు ఆ మూల కూడా దక్కలేదు.

చివరి రాత్రి ష్రాప్‌షైర్‌లో ఒక పల్లెటూరి పబ్ పైన గదిలో ఉన్నాం. టిఫిన్‌తో 85 పౌండ్లు. పరుపు పాతదే గానీ గది శుభ్రంగా ఉంది. నేను మాంసం తిననంటే ఓనరమ్మ పుట్టగొడుగులు, బీన్స్ వేయించి పెట్టింది. నిద్ర తేలిగ్గా చెదిరేవాళ్లకు ఒక మాట, కింద వరండాలో నిలువు గడియారం ఉంది, రాత్రంతా గంటలు కొడుతుంది. నాకు అదే కావాలి. రాత్రి పదకొండున్నర దాటాక కిందికి దిగి దీపం వేసుకుని చూస్తే స్ట్రాబెర్రీలు. పాతకాలపు పన్నెండు అంగుళాల డయల్. ఆకు రెండే రెండు దెబ్బల్లో వేశారు, ఒకటి ముదురు పచ్చ, పైన ఒకటి లేత పచ్చ. కాయ మీద గింజలు పసుపు చుక్కలు, అన్నీ ఒకే వాలులో.

ఫోటో తీసి పెదనాన్నకు పంపాను. అక్కడ తెల్లవారుజామున నాలుగు దాటి ఉంటుంది, ఆయన ఆ వేళకే లేస్తారు. వెంటనే ఫోన్ చేశారు.

"ఒరేయ్, ఆ ఆకు చేతి కింద కర్ర పెట్టుకోకుండా వేశాడు. ఒక్క ఊపు. ఎవరిది?"

"పేరు లేదు పెదనాన్నా."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఇది దూరం నుంచి తీశావు. ఆకు ఒక్కటే పెద్దగా కనిపించేలా మళ్లీ తీసి పంపు" అన్నారు.

పొద్దున ఓనరమ్మ గడియారానికి కీ ఇచ్చే రోజు. తలుపు తీసి, కీ నా చేతికిచ్చి, రెండు కన్నాల్లోనూ నన్నే తిప్పమంది. లోపల బరువులు మెల్లగా పైకి లేవడం అరచేతికి తెలిసింది. ఆ తర్వాత స్టూలు అడిగి తెచ్చుకుని, పైకెక్కి, కింద ఎడమ మూలనున్న ఆకును దగ్గర నుంచి తీసి పంపాను.